మోకాలి ఎత్తున లోకం, మెడలో బిళ్ళ

1955 జూన్‌లో అమెరికాలో విడుదలైన డిస్నీ యానిమేషన్ చిత్రం 'లేడీ అండ్ ది ట్రాంప్'ను ఇంటి కుక్కకూ వీధికుక్కకూ నడుమ పుట్టిన ప్రేమకథగా చెప్పుకోవడం ఆనవాయితీ అయినా, డెబ్బై ఏళ్ల తరవాత మళ్ళీ చూసేవారికి కథకంటే ముందు కంటపడేది కెమెరా ఉన్న ఎత్తు. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్ల ఒక చిన్న అమెరికన్ పట్టణాన్ని ఈ చిత్రం చాలాభాగం మనిషి మోకాలి ఎత్తు నుంచి చూస్తుంది కాబట్టి, మనుషులు తరచు బూట్లుగా, పంట్లాం కాళ్లుగా, గౌను అంచులుగా తెరమీదికి వచ్చిపోతారే తప్ప వారి ముఖాలు కనిపించేది తక్కువ. యజమానుల పేర్లు కూడా లేడీ చెవిన పడినవే: భార్య భర్తను 'జిమ్ డియర్' అని, భర్త ఆమెను 'డార్లింగ్' అని పిలుచుకుంటారు గనుక కుక్క లెక్కలో వారి పేర్లు అవే.

ఈ చూపు వెనక చాలా పనితనం ఉంది. యానిమేషన్‌లో పాత్రలు కదలడానికి ముందే, ఏ వస్తువు ఎక్కడ ఉండాలో, ఏ పాత్ర ఎటునుంచి ఎటు నడవాలో నిర్ణయిస్తూ గీసుకునే పటాన్ని లేఅవుట్ అంటారు. అందులో కంటి ఎత్తు ఒక్కచోట తప్పినా కుక్క లోకం మళ్ళీ మనిషి లోకమైపోతుంది. ఆ పొరపాటు జరగకుండా నేపథ్య చిత్రకారుడు క్లాడ్ కోట్స్ జిమ్ డియర్ ఇంటి లోపలి గదులకు నమూనా కట్టి, తక్కువ ఎత్తు నుంచి దాన్ని ఫొటోలు తీసి, గదులు గీసేటప్పుడు వాటిని ఆధారంగా పెట్టుకున్నారు.

దీనికి తోడైనది తెర వెడల్పు. సినిమాస్కోప్ అంటే ప్రత్యేకమైన లెన్స్‌తో వెడల్పాటి దృశ్యాన్ని ఫిల్ము మీద అడ్డంగా నొక్కి ఇమిడ్చి, థియేటర్లో మరో లెన్స్‌తో తిరిగి విప్పి చూపే పద్ధతి; తెలుగులో ఆ పద్ధతిలో వచ్చిన తొలి చిత్రం 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు' అయితే, పూర్తి నిడివి యానిమేషన్‌లో ఆ స్థానం 'లేడీ అండ్ ది ట్రాంప్'ది. ఎత్తుకు రెండున్నర రెట్ల వెడల్పున్న ఆ తెర మీద ఒకే ముఖాన్ని దగ్గరగా చూపితే అటూ ఇటూ ఖాళీ మిగిలిపోతుంది కనుక, చిత్రకారులు కత్తిరింపులు తగ్గించి, పాత్రలను విశాలమైన రంగస్థలం మీద తిప్పినట్టు తిప్పడం నేర్చుకోవలసివచ్చింది. నిలువుగా నిలబడే మనిషికంటే, పొడుగ్గా నాలుగు కాళ్ల మీద సాగిపోయే కుక్కకే ఆ చట్రం బాగా కుదిరిందనడం అతిశయోక్తి కాదు.

అందరికీ గుర్తుండే స్పెగెటీ ఘట్టంలో ఈ పనితనం పరాకాష్ఠకు చేరుతుంది. పొడవాటి ఇటాలియన్ సేమ్యా లాంటి ఆ వంటకాన్ని రెండు కుక్కలు తింటుంటే చూడ్డానికి వెగటుగా ఉంటుందేమోనని వాల్ట్ డిస్నీ ఆ దృశ్యాన్ని తీసేయాలనుకున్నా, యానిమేటర్ ఫ్రాంక్ థామస్ తనంతట తాను గీసి చూపి ఆయన్ని ఒప్పించారు. హోటల్ వెనక సందులో, కొవ్వొత్తి వెలుగులో, ఒకే పోగుకు రెండు కొసలని తెలియకుండానే రెండూ నములుతూ దగ్గరవుతాయి. మూతులు తగిలాక లేడీ సిగ్గుతో ముఖం తిప్పుకుంటే, ట్రాంప్ పళ్లెంలో మిగిలిన ఆఖరి మాంసపు ఉండను ముక్కుతో ఆమె వైపు నెడుతుంది. సిగ్గు మనిషిదే అయినా నెట్టిన ముక్కు కుక్కది. చెయ్యి గానీ చెంచా గానీ వాడనివ్వకపోవడం వల్లనే ఆ మర్యాద నమ్మదగినదిగా నిలిచింది.

అయితే చూపు కుక్క ఎత్తుకు దిగినంత సులువుగా విలువలు దిగలేదు. 'ట్రాంప్' అంటే దేశదిమ్మరి అని అర్థం. ఆ దిమ్మరికీ లేడీకీ ఉన్న అసలు తేడా జాతిది కాదు, మెడపట్టీకి వేలాడే లైసెన్సు బిళ్ళది. తెలుగులో 'బిళ్ళబంట్రోతు' అన్న మాటలో అధికారం బంట్రోతుది కాక అతడు తగిలించుకున్న బిళ్ళది అయినట్టే, ఇక్కడ కుక్క ప్రాణం దాని మెడలోని రేకుముక్క మీద ఆధారపడి ఉంటుంది. కుక్కలు పట్టేవాడి బండి ఎక్కి బందెలదొడ్డికి చేరిన లేడీ ఆ బిళ్ళ పుణ్యాన ఇల్లు చేరుతుంది. అదే దొడ్డిలో ఉన్న నట్సీ అనే కుక్క, బిళ్ళ లేని పాపానికి, వెళ్లినవారు తిరిగిరాని తలుపు వైపు నడిపించబడుతుంది. పసిబిడ్డ గదిలో దూరిన ఎలుకను చంపిన ట్రాంప్‌నే బిడ్డ మీదికి వచ్చిందని అనుమానించి బండి ఎక్కించడానికి కారణం, దాని తరఫున సాక్ష్యం చెప్పే బిళ్ళ లేకపోవడమే.

ఈ కథను నేటి తెలుగు ప్రేక్షకులు నిశ్చింతగా చూడలేరు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాలుడు చనిపోయిన తరవాత, సినిమాలో బిడ్డ ఉయ్యాల దగ్గర ఊరకుక్కను చూసి కేకలు పెట్టే పెద్దామె భయాన్ని కేవలం మూర్ఖత్వమని కొట్టిపారేయడం కష్టం. అదే ఏడాది కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు మాత్రం సినిమాలో లేని మూడో దారిని సూచించాయి: కుక్కకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, రేబీస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. గుర్తుగా చెవి కొస కత్తిరించిన ఆ కుక్కకు యజమాని ఉండడు, వీధి ఉంటుంది. ఇల్లు గానీ దొడ్డి గానీ తప్ప మరో చోటు ఊహించని ఆ 1955 నాటి సినిమాలోని పట్టణంలో ఆ చెవికి అర్థం దొరకదు.

అందుకే ముగింపులో, క్రిస్మస్ వెలుగుల మధ్య నాలుగు పిల్లలతో, మెడలో కొత్త బిళ్ళతో ట్రాంప్ కనిపించినప్పుడు కలిగే సంతోషం నిజమైనదే అయినా సంపూర్ణం కాదు. బల్లల కిందికీ కంచెల సందుల్లోకీ కుక్కలతోపాటు దూరిన ఆ కెమెరా, నట్సీ దాటిన తలుపు దగ్గర మాత్రం ఆగిపోయింది.