నేల మీద కూర్చున్న కెమెరా

కెమెరాని పైనుంచి కిందికి వంచి తీస్తే అది పటేల్ షాట్. కింది నుంచి పైకెత్తి తీస్తే బానిస షాట్. ఎదుటి మనిషి కళ్ల ఎత్తులోనే పెట్టి తీస్తే సంఘం షాట్. ఈ పేర్లు పెట్టుకున్నది జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళలు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో వీడియో తీయడం నేర్చుకుంటున్నప్పుడు పెట్టుకున్నారు.

పటేల్ అంటే ఊరి భూస్వామి. అతను ఎత్తైన చోట కూర్చుంటాడు, కూలికి వచ్చిన ఆడమనిషి కింద నిలబడుతుంది. అతను చూపు దించి మాట్లాడతాడు, ఆమె తలెత్తి జవాబు చెబుతుంది. ఊళ్లో ఈ మహిళలు కలిసే సంఘం సమావేశంలో మాత్రం అందరూ నేల మీదే కూర్చుంటారు. అక్కడ ఎవరూ ఎవరినీ పైనుంచి చూడరు. సినిమా చదువులో టాప్ యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్ అని నేర్పేవి ఇవే. ఆ మాటలు కెమెరా ఎక్కడుందో చెప్పి ఊరుకుంటాయి. సంఘం మహిళల మాటలు కెమెరా వెనకున్న వాళ్లకీ ముందున్న వాళ్లకీ మధ్య నడుస్తున్న సంబంధమేమిటో కూడా చెబుతాయి. అణగారిన జనాన్ని ఫొటో తీయడం గురించి ఇంతకన్నా సూటైన పాఠం నాకు ఎక్కడా కనబడలేదు.

మన నేల మీదికి కెమెరా చాలావరకు పటేల్‌గానే వచ్చింది. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అల్లాడింది. బళ్లారి, కర్నూలు, కడప సీమలు మాడిపోయాయి. ఆ రోజుల్లో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ ఫొటోలు ఇవాళ్టికీ కరువు చరిత్రలో కనబడుతుంటాయి, అందులోని వాళ్లెవరో మాత్రం మనకు తెలియదు. తర్వాత మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్ తలల కొలతలు, ముక్కుల కొలతలు తీసుకుంటూ దక్షిణాది కులాల మీద, తెగల మీద ఏడు సంపుటాలు తయారుచేశాడు. అవి 1909లో అచ్చయ్యాయి. మాల, మాదిగ, చెంచు, కోయ అందరూ అందులో ఉన్నారు. కులానికి పేరుంది, మనిషికి లేదు.

జాలితో తీసినా ఈ చిక్కు పూర్తిగా తీరదు. 1936లో కాలిఫోర్నియాలోని నిపోమో దగ్గర, బఠానీ కోత కూలీల శిబిరంలో, డొరోథియా లాంగ్ ఒక తల్లిని ఫొటో తీసింది. ఒక్కో ఫ్రేముకీ దగ్గరికి జరుగుతూ వెళ్లి, చివరికి ఆ ముఖం, భుజాల మీద వాలిన పిల్లలు మాత్రమే మిగిలేలా కూర్చింది. చూపు ఎక్కడా చెదరకుండా తిన్నగా ఆ కళ్ల దగ్గరికే పోతుంది. ఆ ఫొటో వల్ల శిబిరానికి తిండి సాయం వచ్చిందన్నదీ నిజం. లాంగ్‌ది పటేల్ చూపు కాదని నేను గట్టిగా నమ్ముతాను. అయినా చెరోకీ స్త్రీ అయిన ఆ తల్లి పేరు ఫ్లారెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసేసరికి 1978 వచ్చింది. ఆ ఫొటో వల్ల తనకు పైసా రాలేదని, అసలు తీయకపోయి ఉంటే బాగుండేదని ఆమె బాధపడింది.

మళ్లీ పస్తాపూర్‌కి వద్దాం. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. స్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్. 2023లో కన్నుమూశారు. కెమెరా ఎంత బలమైన పనిముట్టో, అది ఎవరి చేతిలో ఉంటే కథ ఎటు తిరుగుతుందో ఆయనకు లోపలి నుంచి తెలుసు. 1990ల చివర్లో మహిళలకు వీడియో శిక్షణ మొదలైంది, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. నేర్చుకున్న వాళ్లలో చాలామందికి చదవడం, రాయడం రాదు. అది అడ్డం కాలేదు. కంకిని చూసి ఏది విత్తనానికి దాచాలో ఏరే కంటికి, వెలుగు ఎటు నుంచి పడుతోందో పసిగట్టడం ఎంతసేపు?

ఇక్కడ కెమెరా పనితనం గురించి ఒక మాట చెప్పాలి. పొలం పని చాలావరకు వంగి చేసేది. నాటు, కలుపు, కోత, ఏదైనా అంతే. గట్టు మీద నిలబడి భుజాన కెమెరా పెట్టుకున్నవాడికి అహంకారం ఏమీ లేకపోయినా, అతను తీసేది పటేల్ షాటే అవుతుంది. అతని కెమెరాకు దొరికేది వంగిన వీపులు, తలకు చుట్టిన కొంగులు. ముఖాలు దొరకవు. అదే కెమెరాతో సాలులో గొంతుక్కూర్చుంటే ముఖం కనబడుతుంది, చేతుల నేర్పు కనబడుతుంది, మనిషి వెనక ఆకాశం వస్తుంది. కూలి అన్న మాట పోయి వ్యవసాయం తెలిసిన మనిషి అన్న మాట వస్తుంది. లెన్స్ సంగతీ అంతే. దూరాన్నించి లాగే జూమ్‌తో తీస్తే అడగకుండానే తీసేయొచ్చు. వైడ్ లెన్స్ పెడితే దగ్గరికి వెళ్లక తప్పదు. దగ్గరికి వెళ్తే పలకరించక తప్పదు. “ఏమక్కా, ఎన్ని తీర్ల ఇత్తనాలు ఏసినవ్?” అని అడిగిన మనిషికి వచ్చే జవాబు వేరు. ఒకే చెలకలో జొన్న, కంది, కొర్ర, అనుము, పెసర కలిపి వేసే తెలివి ఆ జవాబులోనే బయటికొస్తుంది.

ఈ పద్ధతికి గట్టి పరీక్ష వరంగల్‌లో ఎదురైంది. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి దేశంలో సాగు అనుమతి వచ్చింది. ఈ మహిళలు వరంగల్ రైతుల దగ్గరికి వెళ్లి, పంట కాలమంతా మళ్లీ మళ్లీ వెళ్లి, చేలల్లోనే మాట్లాడించారు. విత్తనానికి ఎంతయింది, మందులకు ఎంతయింది, చివరికి చేతికి ఎంత వచ్చింది? ఒక్కరోజు వచ్చి వెళ్లే విలేకరికి దొరికేది ఒక అభిప్రాయం. మొలక నాడు, కాయ నాడు, అమ్మకం నాడు అదే రైతును అడిగితే దొరికేది సాక్ష్యం. ఆ రైతుల కోపం మీద 2003లో ఒక సినిమా, మూడేళ్ల అనుభవాన్ని కూర్చి 2005లో మరొకటి వచ్చాయి. తర్వాత ఈ మహిళలే మాలి, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా రైతుల్ని కూడా చిత్రించారు. బీటీ పత్తి మీద వాదాలు ఇవాళ్టికీ తెగలేదు. కానీ ఆ వాదంలో సన్నకారు రైతు మాటకు చోటు దొరికిందంటే అందులో ఈ కెమెరాలకు వాటా ఉంది. తమ బాధను తామే చెప్పుకోవడం దగ్గర వీళ్లు ఆగలేదు, మరొకరి బాధను కూడా బాధ్యతగా మోశారు. ఈ సంప్రదాయంలో నేను అన్నిటికన్నా గౌరవించేది అదే.

గొంతు సంగతీ ఇలాగే నడిచింది. గాలి తరంగాలు ప్రజల సొత్తని 1995లో తీర్పిచ్చిన సుప్రీంకోర్టు ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్ చేతుల మీదుగా, 2008 అక్టోబర్ 15న మాచనూరులో ఈ మహిళల సంఘం రేడియో మొదలైంది.

అయితే బయటివాళ్లు అసలు తీయనే కూడదా? నేను అలా అనను. తమిళనాడులో ఎం. పళని కుమార్ పారిశుధ్య కార్మికుల బతుకును, మురుగు గుంటల్లోని చావులను ఏళ్ల తరబడి ఫొటోలు తీస్తున్నాడు. చేపలమ్మే తల్లి కొడుకు అతను. ఆ కష్టం అతనికి పూర్తిగా పరాయిది కాదు, పూర్తిగా సొంతమూ కాదు. అందుకే కాబోలు, తను తీయడంతో సరిపెట్టకుండా ఆ కుటుంబాల పిల్లలకు కూడా ఫొటోగ్రఫీ నేర్పుతున్నాడు.

మన తెలుగు పత్రికలు ఇవాళే మొదలుపెట్టగల పని ఒకటుంది. తొలకరి రాగానే నాట్ల ఫొటో వేస్తాం, కింద ‘నాట్లు వేస్తున్న మహిళా కూలీలు’ అని రాస్తాం. పక్క పేజీలో రిబ్బను కత్తిరించే వాళ్లకు మాత్రం ఎడమ నుంచి కుడికి వరుసగా పేర్లు ఇస్తాం. నాట్లు వేసే వాళ్ల పేర్లూ అడుగుదాం, ఊరు అడుగుదాం, అచ్చయిన పేజీ ఒకటి వాళ్లకు చేరేలా చూద్దాం. దాడికి గురైన మనుషులు, పేరు బయటపడితే ప్రమాదంలో పడేవాళ్లు వద్దంటారు. అప్పుడు రాయొద్దు. రాయాలో వద్దో తేల్చాల్సింది ఆ ఫొటోలోని మనిషి, డెస్కు కాదు.