దారం ఏజెంటుది, సూది మనది

నర్సాపురం లేసు టేబుల్ క్లాత్ ఎప్పుడైనా చేతికొస్తే ముందు దాన్ని తిరగేసి, పువ్వుకీ పువ్వుకీ మధ్యనున్న అతుకులు చూడండి. ఆ పూలన్నీ ఒక్క చేతివి కావు. నాలుగిళ్ళలో నలుగురు అల్లి ఇస్తే, ఇంకో వీధిలో ఇంకొకావిడ వాటిని కలిపి ఉంటుంది. గోదావరి జిల్లాల్లో ఈ పనికి వాటాలున్నాయి. విడి పూలు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని. అంచుల సంగతి చూసే కాజాకుట్టు వేరు. దారం ఏజెంటు తెచ్చిస్తాడు, డిజైనూ అతనే చూపిస్తాడు. సూది మాత్రం ఎవరిది వాళ్ళదే. నలుగురి సూదుల్లో ఒకటి వెంట్రుకవాసి లావుగా ఉన్నా ఆ పూలు పెద్దవొస్తాయి. అతికేటప్పటికి గుడ్డ ఓ మూల ముడత పడుతుంది, ఎంత ఇస్త్రీ చేసినా అది పోదు.

లేసు గురించి రాసేవాళ్ళు దారం, డిజైను, ఆడవాళ్ళ ఓర్పు అని మూడు మాటలు చెప్పి ఊరుకుంటారు. నాకది నచ్చదు. సూది ఎంచుకోవడమూ ఒక విద్యే, బహుశా అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సిన విద్య.

1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే అనే మిషనరీ దంపతులు ఈ అల్లికను గోదావరి ప్రాంతానికి తెచ్చారని చెప్పుకుంటారు. తర్వాత అది నర్సాపురం, పాలకొల్లు పల్లెల్లో ఇంటింటి పనైంది, విదేశాలకు ఎగుమతైంది. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. హైదరాబాద్ తూర్పు శివార్లలో మేముండే అన్నోజిగూడలో వరంగల్ రోడ్డు వెంట లేచిన అపార్ట్‌మెంట్లకు ఆ గుర్తింపు సంగతి తెలియకపోవచ్చు గానీ, కొడుకు ఉద్యోగం కోసం నర్సాపురం వైపు నుంచి వచ్చిన పిన్నిగారు ఒకరు మా కిందింట్లో ఉన్నారు. సాయంత్రం పూట బాల్కనీలో కూర్చుంటే ఆవిడ చేతిలో సూది ఆడుతూనే ఉంటుంది. ఎదుటివాళ్ళ అల్లిక చూసి సూది సైజు చెప్పేస్తారు. "కన్ను పెద్దదైంది కదమ్మా, సూది దారానికి మించింది" అంటారు. కన్ను అంటే అల్లికలో పడే ఖాళీ. లేసు అందమంతా ఆ ఖాళీలు సమంగా ఉండడంలోనే ఉంది.

సైజు అనగానే అంకెల గొడవ మొదలవుతుంది. దారానికి అంకె పెరిగేకొద్దీ సన్నం: పది నంబరు లావు, నలభై సన్నం, ఎనభై మరీ సన్నం. అమెరికా స్టీలు సూదులకూ అంకె పెరిగితే సన్నమే. జపాన్ సూదులదీ అదే పద్ధతి, కానీ కొలతలు వేరు. అమెరికా పద్నాలుగు 0.75 మిల్లీమీటర్లు, జపాన్ పద్నాలుగు 0.5 మాత్రమే. జపాన్ పదో నంబరు సూదీ, అమెరికా పద్నాలుగో నంబరు సూదీ ఒకే లావు. విదేశాల్లో ఉన్న కూతురు ప్రేమగా పంపిన సూది మీద నంబరు చూసి పని మొదలుపెడితే ఏమవుతుందో ఊహించుకోండి. అందుకని నంబరు వదిలేసి మిల్లీమీటర్లే అడగాలి. మన పోనీ కంపెనీ సూదుల మీద కొలత మిల్లీమీటర్లలోనే ఉంటుంది, అదో సుఖం. పది నంబరు దారానికి 1.5 దగ్గర, ఇరవైకి 1.25 గానీ 1.0 గానీ, నలభైకి 0.9 దగ్గర, అరవైకి 0.75, ఎనభైకి 0.6. ఇది మొదలుపెట్టడానికి మాత్రమే. బిగించి అల్లే చెయ్యైతే ఒక మెట్టు లావు, వదులు చెయ్యైతే ఒక మెట్టు సన్నం తీసుకోవాలి.

పాత సూదుల మీద అంకెలు అరిగిపోతాయి. అప్పుడేం చెయ్యాలి? ఉప్పల్ దాటి నాచారం పారిశ్రామికవాడకు వెళ్తే లేత్ పనివాళ్ళ దగ్గర వెర్నియర్ ఉంటుంది, మిల్లీమీటరులో యాభయ్యో వంతు దాకా చెబుతుంది. లేసు సూదిని అక్కడికి పట్టుకెళ్తే కాస్త నవ్వుతారు గానీ కొలిచిస్తారు. ఎక్కడ కొలవాలన్నదే అసలు సంగతి. సన్న సూది కొస నుంచి వేలు పెట్టే చోటు దాకా ఒకే లావుగా ఉండదు. కొసన కొక్కెం, దాని వెనక సన్నటి గొంతు, ఆ తర్వాత నిటారుగా సాగే కాడ, ఆపైన లావెక్కే పిడి. కొలవాల్సింది కాడను. అల్లేటప్పుడు కూడా లూపు కాడ మీదికి రావాలి. గొంతు దగ్గరే లూపు లాగేసే అలవాటుంటే సూది 1.0 అయినా కుట్టు 0.75 ది పడుతుంది. గొంతు మరీ పొడుగ్గా, ఏటవాలుగా ఉన్న సూది కొనకపోవడమే మంచిది. ప్రతి కుట్టుకీ లావు మారుతుంటే పూలు సమంగా ఎలా వస్తాయి?

కొనేముందు కొక్కెం కొసను బొటనవేలి గోరు మీద మెల్లగా గియ్యండి. గీత పడితే మొన వాడిగా ఉన్నట్టు, అది దారాన్ని చీలుస్తుంది. పురులు విడిపోయి ఒక పోగు బయటికొస్తే ఉతికాక అక్కడ నూగు లేస్తుంది. తర్వాత కొక్కెం లోపలి వంపు. అక్కడ గరుకుంటే కంటికి కనపడదు, పాత నైలాన్ చీర కొంగు మీద లాగితే దారప్పోగు పట్టుకుని తెలిసిపోతుంది. స్వల్పంగా ఉంటే అతి సన్నటి ఎమరీ కాగితాన్ని దారంలా చుట్టి వంపులో నాలుగుసార్లు ఆడిస్తే సరిపోతుంది. ఎక్కువ రుద్దితే పూత పోయి తుప్పు మొదలవుతుంది. కొక్కెం లోతు కూడా చూడాలి. లోతు చాలకపోతే దారం జారిపోతుంది, ఎక్కువైతే లూపులోంచి బయటికి రానంటుంది. ఉన్నిపనికి అమ్మే అల్యూమినియం సూదుల్ని ఈ సన్నపనికి ఎవరూ వాడరు, స్టీలే వాడాలి. 0.6 సూది స్టీలుదైనా వంగుతుంది. నేలమీద దొర్లించి చూస్తే వంపు తెలుస్తుంది. వంగినదాన్ని సరిచేసి వాడదామనుకోవద్దు, మళ్ళీ అక్కడే విరుగుతుంది.

తుప్పు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే తెల్ల దారం మీద తుప్పు మచ్చ కన్నా పెద్ద నష్టం లేదు. చెమట చేతుల్లో పూత అరిగిన చోట మొదలవుతుంది. చాలామంది బ్లీచింగుకి పరుగెత్తుతారు, తుప్పుకది పనికిరాదు, మచ్చ మరింత స్థిరపడుతుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే తగ్గుతుంది. లేసుకి తుప్పు ఎక్కువగా గుండుసూదుల వల్ల పడుతుంది. ఉతికి గంజి పెట్టిన లేసును ఆకారం చెడకుండా పలక మీద పరిచి, అంచు కొసలన్నీ గుండుసూదులతో గుచ్చి ఆరబెడతారు. తడిగుడ్డ, రాత్రంతా ఇనప సూదులు, ఇక చెప్పేదేముంది? ఇత్తడివి కావాలి, లేదా తుప్పు పట్టని స్టీలువి. పసుపు రంగు చూసి ఇత్తడి అనుకోకండి, అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే ఇనుముకి పూత పూసినట్టే. స్టీలుకి మాత్రం ఈ పరీక్ష చాలదు, తుప్పు పట్టని రకాల్లో కొన్ని అతుక్కుంటాయి కూడా. తడి గుడ్డముక్కలో రెండు రోజులు గుచ్చి ఉంచితే నిజం బయటపడుతుంది.

గుండుసూది అసలు సాధనమైన లేసు మరొకటుంది. 1820 ప్రాంతంలో నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ అనే మిషనరీ నేర్పినది అదే. దిండు మీద డిజైను కాగితం పరిచి, ప్రతి మలుపు దగ్గరా ఒక గుండుసూది గుచ్చుతూ, చిన్న కర్రలకు చుట్టిన దారాల్ని దాటిస్తూ అల్లుతారు. సూది లావైతే ఆ లావు ఖాళీ లేసులో మిగిలిపోతుంది. మన క్రోషేలో కొక్కెం చేసే పనిని అక్కడ గుండుసూది చేస్తుంది. అక్కడా తుప్పు భయంతో ఇత్తడినే కోరుకుంటారు.

ఇంత నేర్పుకు వచ్చే కూలి? జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం ప్రాంతంలో తిరిగి 1982లో లేసు పనివాళ్ళ మీద పుస్తకం అచ్చు వేశారు. ఈ ఆడవాళ్ళను ఊళ్ళోవాళ్ళూ వ్యాపారులూ పనివాళ్ళుగా లెక్కేయలేదనీ, తీరిక వేళల్లో లేసు అల్లుకునే ఇల్లాళ్ళన్నారనీ ఆమె చూపించారు. ఆ మాట మాటున కూలి వ్యవసాయ కూలీ ఆడమనిషికి ఇవ్వాల్సిన కనీస వేతనంలో మూడోవంతుకూ చేరలేదు. తీరికకు చేసేదైతే మూల ముడత పడ్డ గుడ్డను వెనక్కి ఎందుకు కొడతారు? సూది ఖర్చు అల్లేవాళ్ళది, కొలత తప్పితే నష్టమూ వాళ్ళదే. భౌగోళిక గుర్తింపు కాగితం మీద సూది ఎంపిక నేర్పుకు ఓ గడి లేదు, కూలి లెక్కలోనూ లేదు.

ఇటు తూర్పు వైపు ఉండేవాళ్ళకు సూదులు కావాలంటే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగి, అక్కణ్ణుంచి జనరల్ బజార్‌కు ఆటో పట్టుకోవాలి. దారం ముక్క వెంట తీసుకెళ్ళండి, దుకాణంలోనే ఇరవై గొలుసు కుట్లు అల్లి స్కేలు పెట్టి కొలవండి. రెండు సూదులతో అల్లి చూస్తే తేడా అక్కడే తెలుస్తుంది. నచ్చిన సూది దొరికితే అదే పెట్టెలోంచి, అదే కంపెనీది, ఇంకొకటి కూడా కొనండి. టేబుల్ క్లాత్ సగంలో ఉండగా సూది విరిగితే దానికి జత దొరకడం చాలా కష్టం.