వార్డు కబురు చెప్పేదెవరు?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడ్డ రోజు విశాఖపట్నంలో ఒక్క కార్పొరేటర్ కూడా లేరు. అసలు ఆ పదవులే ఖాళీ. 2007లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2012 ఫిబ్రవరిలో తీరింది. మళ్లీ పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న. ఐదేళ్ల గడువు తీరకముందే పురపాలక ఎన్నికలు జరగాలని రాజ్యాంగంలోని 243-యూ అధికరణం చెబుతోంది. విశాఖ మాత్రం తొమ్మిదేళ్ల పాటు ప్రత్యేకాధికారుల పాలనలో నడిచింది.

తుపాను వెలిశాక కరెంటు లేదు, సెల్‌ఫోన్లు మూగబోయాయి, కుళాయిలు ఎండిపోయాయి. ప్రభుత్వం పట్టించుకోలేదని ఎవరూ అనలేరు. ముఖ్యమంత్రే నగరంలో మకాం వేశారు. అయితే ట్యాంకర్ ఈ సందులోకి ఎప్పుడొస్తుంది, స్తంభం మీద పడ్డ చెట్టును ఎవరు తీస్తారు అని అడిగితే గుమ్మం ముందు నిలబడి జవాబు చెప్పాల్సిన మనిషి లేడు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి లీకై, ఆర్.ఆర్. వెంకటాపురం జనం కట్టుబట్టలతో పరుగులు తీసినప్పుడూ అదే పరిస్థితి. అధికారిక లెక్క ప్రకారం 12 మంది చనిపోయారు. ఇంటికి ఎప్పుడు పోవచ్చు, నీళ్లు తాగొచ్చా అని ఆ ఊరు పొద్దస్తమానం అడుగుతూనే ఉంది. నగరానికి వచ్చిన ఈ రెండు పెద్ద విపత్తులూ వార్డు సభ్యుడు లేని రోజుల్లోనే వచ్చాయి.

2021 ఎన్నికలు 98 వార్డులకు జరిగాయి. వాటితో కార్పొరేటర్లు వచ్చారు, వాళ్లతో పాటే వార్డు వాట్సాప్ గ్రూపులూ వచ్చాయి. తెల్లారేసరికి ఫోన్లో కబుర్లే కబుర్లు. వాటిలో ఎక్కువ భాగం ఫొటోలు: కొబ్బరికాయ కొడుతున్నవి, శాలువా కప్పుతున్నవి, నాయకుడి పుట్టినరోజున కేక్ కోస్తున్నవి. వార్డులో ఏం జరుగుతోందో మాత్రం వాటిని ఎంత తిరగేసినా తెలియదు. వార్డు సమాచారం చెప్పడం ఒక పని. రోడ్డు వేయించడంలాగే దానికీ ఒక పనితనం ఉంది. అది అలవడితే వార్డు మొత్తానికి మేలు.

ఒక సీసీ రోడ్డునే తీసుకుందాం. జనానికి కనిపించేవి రెండే, శంకుస్థాపన శిలాఫలకం, ఆ తర్వాత రోడ్డు. మధ్యలో నడిచేదంతా కాగితం. ముందు అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) వచ్చి కొలతలు తీసి ఎస్టిమేట్ వేస్తారు. దానికి సాంకేతిక మంజూరు, పరిపాలనా ఆమోదం రావాలి. పని విలువను బట్టి ఫైలు స్థాయీ సంఘానికో కౌన్సిల్‌కో వెళ్తుంది. తర్వాత టెండర్, అగ్రిమెంట్, వర్క్ ఆర్డర్. పని మొదలయ్యాక కొలతల పుస్తకం ఎం-బుక్‌లో కొలతలు ఎక్కాలి, నాణ్యత పరీక్ష జరగాలి, అప్పుడు బిల్లు. ఈ మెట్లలో ఎక్కడైనా పని ఆగిపోవచ్చు. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు టెండర్ వైపు తొంగి చూడని సందర్భాలు మున్సిపల్ కార్యాలయాల్లో అందరికీ తెలిసినవే. కింద భూగర్భ మురుగు (యూజీడీ) పైపు వెయ్యకుండా పైన సిమెంటు పోస్తే, ఏడాది తిరక్కుండానే ఆ రోడ్డును తవ్వుతారు. అదీ అందరికీ తెలిసిందే.

అందుకే మంచి వార్డు కబురు ఇలా ఉంటుంది: “మూడో వీధి రోడ్డుకు ఎస్టిమేట్ అయింది. మొదటి టెండర్‌కు ఎవరూ రాలేదు, రెండోసారి పిలిచారు. యూజీడీ పైపు వేశాకే రోడ్డు వేస్తారు. అప్పటిదాకా గుంతలకు ప్యాచ్‌వర్క్ అడిగాం, ఇంకా ఒప్పుకోలేదు.” నాలుగు వాక్యాలు. ఇందులో గొప్ప చెప్పుకునేదేమీ లేదు, కాని చదివినవాళ్లకు ఫైలు ఎక్కడుందో, రేపు ఎవరిని అడగాలో తెలుస్తుంది. పూర్తికాని పని గురించి చెప్పడానికి చాలామంది సభ్యులు జంకుతారు, చేతకానితనం అనుకుంటారని భయం. ఆ భయం అనవసరం. చెప్పకపోతేనే జనం అంతకంటే పెద్ద అనుమానం పెంచుకుంటారు.

ఏది ఎవరి చేతిలో ఉందో విడమరిచి చెప్పడం ఇంకో పని. విశాఖలో కుళాయి నీళ్లు, చెత్త, వీధి దీపాలు నగరపాలక సంస్థ జీవీఎంసీవి. ఇంటి కరెంటు విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌ది. కైలాసగిరి పార్కును ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ చూసుకుంటుంది. నగరం మధ్యగా పోయే జాతీయ రహదారికి ఇంకో సంస్థ. హైదరాబాద్‌కు వెళ్తే నీళ్లు కూడా కార్పొరేషన్ చేతిలో ఉండవు, జలమండలి ఉంది. కరెంటు పోయినా, మురుగు పొంగినా జనం వచ్చి తట్టేది కార్పొరేటర్ తలుపే. “అది నా పని కాదు” అని పంపేస్తే మనిషి మళ్లీ రాడు. ఏ ఆఫీసు, ఏ నంబరు, దరఖాస్తులో ఏం రాయాలి అని చెప్పి పంపితే అతనికి సగం పని అయినట్టే.

కౌన్సిల్ సమావేశం గురించి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. అజెండా ముందుగా సభ్యులకు అందుతుంది. అందులో లేని అంశాలు అప్పటికప్పుడు టేబుల్ అజెండాగా రావడమూ ఉంది. ఏ అంశానికి ఒప్పుకున్నారు, దేనికి అడ్డుచెప్పారు, ఎందుకు? ఓటేసినవాళ్లకు ఇది తెలియాలి. మరుసటి రోజు పేపర్లో వచ్చేది అరుపులు, వాకౌట్లు. వార్డుకు సంబంధించిన తీర్మానం లోపలి పేజీల్లో కూడా దొరకదు.

డబ్బు లెక్క చెప్పడం దగ్గర మనం చికాగో 49వ వార్డును చూడాలి. 2009 నాటికి ఆ నగరంలో ఒక్కో వార్డు సభ్యుడికి స్థానిక పనుల కోసం ఏటా 13 లక్షల డాలర్ల దాకా ఉండేవి. ఏం చెయ్యాలో సభ్యుడి ఇష్టం. 49వ వార్డు ప్రతినిధి జో మూర్ 2009లో ఆ నిర్ణయాన్ని జనానికి వదిలేశారు. వాళ్లే కూర్చుని ప్రతిపాదనలు తయారుచేశారు, 2010లో ఓట్లేసి పనులు ఎంచుకున్నారు. 1,600 మందికి పైగా వచ్చారు. ఎంచుకున్నవాటిలో కాలిబాటల మరమ్మతులు ఉన్నాయి, సైకిల్ దారులు ఉన్నాయి. మన దేశంలో పుణె కార్పొరేషన్ 2006 నుంచి బడ్జెట్‌కు ముందే పౌరుల సూచనలు తీసుకుంటోంది. మన దగ్గర ఒక్క కార్పొరేటరైనా తన వార్డుకు వచ్చిన పనుల జాబితా, వాటి విలువ కాగితం మీద రాసి అంటిస్తే అదే పెద్ద ముందడుగు.

ఆంధ్రప్రదేశ్ పురపాలక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. అయినా కొన్నిచోట్ల ఫోన్ ఎత్తేది భర్త, గ్రూపులో రాసేది మరిది. ఎన్నికైన మనిషి తన పేరుతో, తన మాటల్లో రాసే నాలుగు వాక్యాలు అక్కడ మరీ అవసరం. వార్డులో నీళ్లు ఏ వేళకు వస్తున్నాయో, అంగన్‌వాడీ గేటు ముందు చెత్త ఎన్ని రోజులుగా పేరుకుందో ఆ మహిళలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఈ కబురు, పనుల లెక్క ఫోన్లో మాత్రమే ఉంటే చాలదు. గ్రూపులో లేని ముసలివాళ్లు, అద్దెకు కొత్తగా దిగినవాళ్లు, ఎదుటి పార్టీవాడని గ్రూపులోంచి తీసేసినవాళ్లు కూడా ఆ వార్డువాళ్లే. 2019 అక్టోబర్ 2న మొదలైన వార్డు సచివాలయాలు నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్నాయి. నెలకో కాగితం అక్కడి గోడకు అంటించడానికి ఖర్చేమీ కాదు. 2021 మార్చిలో కొలువుదీరిన పాలకవర్గానికి ఐదేళ్ల గడువు 2026 మార్చి వరకే. సభ్యులు దిగిపోయాక ఎన్నికలు ఆలస్యమైనా ఆ కాగితం ఆగకూడదు. దాన్ని నెలనెలా అంటించే బాధ్యత వార్డు అడ్మిన్ కార్యదర్శికి అప్పగిస్తూ జీవీఎంసీ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.