ఎం16 నుంచి ఎం7 దాకా: సగమే నేర్చుకున్న పాఠం

అమెరికా సైన్యం తన పదాతి సైనికుడి తుపాకీని, తూటాను కలిపి మార్చడం ఈ అరవై ఏళ్లలో రెండుసార్లు జరిగింది. మొదటిది 1960లలో వచ్చిన ఎం16. రెండోది ఎం7. దాని కోసం 2022 ఏప్రిల్‌లో సిగ్ సావర్ సంస్థతో పదేళ్ల ఒప్పందం కుదిరింది. మధ్యలో వచ్చిన ఎం4 కూడా ఎం16 వంశానిదే, తూటా కూడా అదే. మొదటి మార్పులో తుపాకీ తేలికైంది, తూటా చిన్నదైంది. రెండో మార్పులో రెండూ బరువెక్కాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, సైన్యం పాత పాఠంలో సగమే ఒంటబట్టించుకుందని నాకనిపిస్తుంది.

ఎం16కి ముందున్న ఎం14 ఖాళీగానే నాలుగు కిలోలు దాటేది. దాని 7.62 మి.మీ. తూటా దూరం పోతుంది, గట్టిగా తగులుతుంది. వియత్నాం అడవుల్లో మాత్రం ఎదురుకాల్పులు ఎక్కువగా దగ్గరి నుంచే జరిగేవి. యూజీన్ స్టోనర్ రూపొందించిన, సైన్యంలో ఎం16గా మారిన ఏఆర్-15 బరువు మూడు కిలోల దగ్గర ఉండేది. దాని 5.56 తూటా పాతదాని బరువులో సగమే కాబట్టి అదే మోతలో రెట్టింపు తూటాలు పట్టేవి. ఆలోచన సరైనదే, చెడింది అమలులో. తుపాకీ ఒక రకం మందుతో పరీక్షలు నెగ్గితే, 1964లో సైన్యం తూటాల్లో బాల్ పౌడర్ అనే మరో రకం మందుకు అనుమతి ఇచ్చింది. దాంతో కాల్పుల వేగం పెరిగింది, లోపల మసి పేరుకుంది. తూటా కూర్చునే ఛాంబర్‌కు క్రోమ్ పూత లేకపోవడంతో తేమకు తుప్పు పట్టేది. పేలిన తూటా తాలూకు ఖాళీ కేసు అందులో ఇరుక్కుంటే, శత్రువు కాలుస్తుండగానే సైనికుడు గొట్టం మూతి నుంచి కడ్డీ దూర్చి దాన్ని నెట్టాల్సి వచ్చేది. ఈ తుపాకీని శుభ్రం చేయాల్సిన పని పెద్దగా లేదన్న ప్రచారం ఒకటి తోడైంది. చాలామందికి శుభ్రపరిచే సామగ్రే అందలేదు. సైనికులు ఇళ్లకు రాసిన ఉత్తరాలు చివరికి అమెరికా కాంగ్రెస్‌ను కదిలించాయి. 1967లో రిచర్డ్ ఇకార్డ్ అధ్యక్షతన విచారించిన ఉపసంఘం సైన్యం తీరు నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని తేల్చింది. క్రోమ్ పూతతో ఎం16ఏ1 వచ్చింది, శుభ్రం చేసే పద్ధతిని కామిక్ చిత్రకారుడు విల్ ఐస్నర్ వేసిన బొమ్మల పుస్తకంగా పంచారు. పరిస్థితి కుదుటపడింది. అప్పటికే పోయిన ప్రాణాలకు ఎవరూ జవాబు చెప్పలేదు.

ఎం7 విషయంలో ఆ నిర్లక్ష్యం లేదు. ఈసారి తుపాకీ, తూటా, గురి పరికరం మూడింటినీ ఒకే వ్యవస్థగా చూశారు, సైనికుల చేతికిచ్చి ముందే కాల్పించారు. మార్పుకు కారణమూ ఉంది. అఫ్గానిస్థాన్ కొండల మీద నుంచి శత్రువులు బరువైన మెషిన్‌గన్లు కాలుస్తుంటే 5.56 తూటా వాటిని అందుకోలేకపోయింది. కొత్త రకం ఒంటి కవచాలనూ అది చీల్చలేకపోతోందని జనరల్ మార్క్ మిల్లీ 2017లో సెనేట్ సంఘానికి చెప్పారు. అందుకే 6.8 మి.మీ. తూటా. చదరపు అంగుళానికి దాదాపు 80,000 పౌండ్ల పీడనాన్ని తట్టుకోవడానికి దాని కేసు అడుగును ఉక్కుతో, పై భాగాన్ని ఇత్తడితో చేశారు. పద్ధతి దృష్ట్యా ఎం16 కథ కన్నా ఇది ఎంతో మెరుగు.

ఇక మోత సంగతి. ఎం4 సుమారు మూడు కిలోలు. శబ్దాన్ని తగ్గించే సప్రెసర్‌తో కలిపి ఎం7 దాదాపు నాలుగున్నర. ఎం4 మ్యాగజైన్‌లో 30 తూటాలు, ఎం7లో 20. ఏడేసి మ్యాగజైన్లతో బయలుదేరే సైనికుడి దగ్గర 210 ఉండాల్సిన చోట 140 ఉంటాయి. కాల్పుల మధ్య తూటాలు నిండుకున్నవాడికి ఆ 70 ఎంత విలువైనవో వేరే చెప్పాలా? 2025లో ఒక ఆర్మీ కెప్టెన్ తన అధ్యయనంలో ఈ మాటే బలంగా చెప్పారు. తయారీ సంస్థ ఆయన వాదనను ఖండించింది. సంస్థ ఏమన్నా తూటాల లెక్క మారదు. ఎం14ను పక్కన పెట్టడానికి చూపిన ముఖ్య కారణాన్నే ఎం7 మళ్లీ తెచ్చి సైనికుడి భుజాన వేసింది. నన్ను కలవరపెట్టేది ఇంకొకటుంది. శిక్షణకు తక్కువ దూరమే పోయేలా చేసిన వేరే తూటా వాడుతున్నారు. మందు మారితే తుపాకీ ప్రవర్తన ఎలా మారుతుందో 1964 తర్వాత అందరికన్నా బాగా తెలిసిన సైన్యం, యుద్ధంలో పేల్చే తూటాతోనే తన వాళ్లకు ధారాళంగా అభ్యాసం చేయించాలి.

వోర్టెక్స్ సంస్థ చేసిన ఎక్స్‌ఎం157 గురి పరికరం ఎం16 కాలంలో ఊహకు కూడా అందనిది. లేజర్‌తో దూరం కొలుస్తుంది, గాలి పీడనం, ఉష్ణోగ్రత చూసి లెక్కకట్టి, ఎక్కడ గురిపెట్టాలో అద్దంలోనే చూపిస్తుంది. ఎనిమిది రెట్ల దాకా పెద్దది చేసి చూపుతుంది. దూరపు కాల్పుల్లో గురి తప్పడానికి ఒక ముఖ్య కారణం దూరాన్ని తప్పుగా అంచనా వేయడం. కాబట్టి ఈ మొత్తం మార్పులో అసలు విప్లవం ఇదేనని నా అభిప్రాయం. అయితే పెంటగాన్ పరీక్షల విభాగం ఇచ్చిన 2024 ఆర్థిక సంవత్సరపు నివేదికలో సైనికులు దీని వాడకానికి సగటు కన్నా తక్కువ మార్కులే వేశారు. సరిదిద్దాల్సింది ముందు ఇక్కడే.

ఇదే ప్రశ్నకు భారత్ ఎంచుకున్న దారి వేరు. మన సైన్యం 2019లో ఇదే సిగ్ సావర్ నుంచి 7.62 తూటా పేల్చే సిగ్ 716 రైఫిళ్లు 72,400 కొంది, 2024లో మరో 73,000కు ఒప్పందం చేసుకుంది. అందరికీ అదే ఇవ్వలేదు. ఎక్కువ బలగాల కోసం అమేఠీ దగ్గర కోర్వాలో ఏకే-203లు తయారవుతున్నాయి. ఈ విభజనలో వివేకముంది. అమెరికా చేయాల్సిందీ ఇదే. దూరం నుంచి గురిచూసి కొట్టడానికి ఎంపిక చేసినవాళ్లకు ఎం7 ఇవ్వాలి, మిగతావాళ్లకు తేలికైన తుపాకీ, దాని మీద లోపాలు దిద్దిన తెలివైన గురి పరికరం ఇవ్వాలి. పదాతి సైనికులందరికీ ఒకే బరువైన తుపాకీ అన్న నిర్ణయం తప్పు.