పశువు పద్దులో పూర్వీకుడు

ఇంగ్లండ్ పల్లెల్లో పాత వంశాల ఆరా తీసేవాళ్ల పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. చర్చి రిజిస్టర్లు 1538లో రాజమంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో మొదలయ్యాయి. అక్కడిదాకా వెళ్లడానికి చాలావరకు ఓపిక చాలు. అసలు విద్యకు పరీక్ష అంతకు ముందు కాలంలోనే.

సఫోక్ కౌంటీలోని వాల్షమ్ లె విల్లోస్‌నే తీసుకోండి. ఆ ఊరి 14వ శతాబ్దపు మేనర్ (దొర ఎస్టేటు) కోర్టు పత్రాలు బాగా మిగిలాయి. తోలు మీద, కుదించి రాసిన లాటిన్. వాటిలో రాజుల ఘనతలుండవు. రైతు పోతే దొరకు ముట్టిన మేలైన పశువు, కూతురి పెళ్లికి తండ్రి కట్టిన రుసుము, పొలం తన పేరుకు మార్చుకున్న కొడుకు ఉంటారు. దొర వసూళ్ల కోసం రాయించిన పద్దు, చదవగలిగినవాడి చేతిలో తండ్రీకొడుకుల వరసవుతుంది. 1349 పత్రాల్లోనైతే ప్లేగు చావులు బారులు తీరతాయి.

అప్పటికి ఇంటిపేర్లు పూర్తిగా కుదురుకోలేదు. ఒకే మనిషి ఒకచోట తండ్రి పేరుతో, మరోచోట వృత్తి పేరుతో కనిపించవచ్చు. అందుకే నేర్పరి పేరుకన్నా పొలాన్ని నమ్ముతాడు. అది ఎవరి చేతినుంచి ఎవరికి వెళ్లిందో చూస్తాడు. 1327 నాటి పన్ను జాబితాతో సరిచూస్తాడు. నిరుపేదలు ఆ జాబితాకెక్కలేదనీ గుర్తుంచుకుంటాడు.

నాకు అన్నిటికన్నా నచ్చేది వాళ్ల నిగ్రహం. ఇంగ్లండ్‌ను గెలుచుకున్న నార్మన్ ప్రభువుల్లో ఒకడితో చుట్టరికం కలుపుకోవాలన్న ఆశ ఎవరికైనా ఉంటుంది. మంచి పరిశోధకుడు మాత్రం ఆధారం తెగినచోటే వంశవృక్షాన్ని ఆపేస్తాడు. అలా ఆపినందుకే, అంతవరకు అతను గీసినదాన్ని మనం నమ్మగలుగుతాం.