ప్రహ్లాద చరిత్రమున భయము

ప్రహ్లాదుని కథ మన యిండ్లలో బాలురకు మొదట చెప్పబడు కథలలో నొకటి. 1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ చిత్రమునకును ఇదియే ఇతివృత్తము. అయినను దీనిని మనము చెప్పుకొను తీరున నొక లోపము కలదు. స్తంభము పగిలి హిరణ్యకశిపుడు కూలగానే కథ ముగిసినదని లేచిపోవుదుము. దేవుని నమ్మినవానికి ఆపదలు తొలగునను నీతిని మాత్రము మూటగట్టుకొందుము.

ఈ నీతి గుమ్మఘట్ట వంటి సీమలో నిలుచునా? రాయదుర్గమునకు చేరువనున్న ఈ మెట్టభూములు వానకు ముఖము వాచినవి. 1876–78 నాటి మహాక్షామమున, ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలో నుండగా, ఆ జిల్లా ఘోరముగా నలిగినది. తరువాత వేదవతిపై భైరవానితిప్ప జలాశయము వెలసినను, ఎగువ వానలు లేనినాడు అది నిండదు. పెన్నహోబిలమున నారసింహునకు మొక్కు చెల్లించియు, విత్తిన వేరుసెనగ ఎండిపోగా చూచిన రైతునకు మన నీతి ఏమి చెప్పగలదు? నీ భక్తి చాలదని యనుట సత్యమును కాదు, దయయును కాదు.

భాగవత సప్తమస్కంధము ఇంతకంటె లోతైనది. అందు తండ్రియు తపస్వియే. అతడు బ్రహ్మను గూర్చి చేసిన తపము సామాన్యమైనది కాదు. కాని అతడు కోరినదేమి? పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, నేల గాని నింగి గాని, నరునిచే గాని మృగముచే గాని చావు రాకుండుట. ఆ వరముల పట్టికను నిదానించి చదివినచో అది అతని భయముల పట్టికయే యని తోచును. భయమున పుట్టిన ఆ తపము భయమును పోగొట్టలేదు. దానికి అధికారమును మాత్రము చేకూర్చినది. ఐదారేండ్ల బాలుని మాటకు లోకములను జయించినవాడు వణకుటకు కారణమిదియే.

కుమారుని మార్గము వేరు. విషము, ఏనుగులు, అగ్ని అతనికి తప్పలేదు. తప్పింపుమని అతడు బేరమాడలేదు. పిమ్మట దేవతలును లక్ష్మియు సైతము సమీపింప వెరచిన ఉగ్రమూర్తిని అతడు చేరి స్తుతించెను. మనము వదలివేయు ఘట్టమిదియే. నీ కోరలకు నేను వెరవను, సంసారచక్రమునకు వెరతునని అతడు విన్నవించెను. అనగా భక్తి అతనిలోని భయమును చంపలేదు. దానిని తగినచోట నిలిపినది. అంతటితో ఆగక, దీనులగు తోడివారిని విడిచి తానొక్కడు ముక్తుడగుటకు సమ్మతింపననెను. వరము కోరుమన్నప్పుడు, ఫలమునకై కొలుచువాడు వర్తకుడే గాని సేవకుడు కాడని పలికి, కోరికయే తన హృదయమున మొలకెత్తకుండునట్లు అనుగ్రహింపుమనెను. తన్ను బాధించిన తండ్రికి పాపవిముక్తిని వేడెను.

స్తంభోద్భవ ఘట్టపు వైభవమే ఈ తుదిభాగమును కప్పివేయుచున్నదని చెప్పక తప్పదు. కావ్యమున వర్ణన కాంతులీనినచోట వినువారి మనస్సు నిలిచిపోవుట సహజము. అందుచేతనే పిల్లలకు కథ చెప్పు తల్లిదండ్రులు స్తుతిఘట్టమును విడువరాదు.

తాయెత్తులు, దిష్టిదుడుపులు, శకునములు నిండిన గృహములలో పూజకు కొదువ లేదు. కాని ఆ పూజ తండ్రి పూజ. కఱవునాడు తన చేనికి మాత్రము వాన కోరువాని భక్తి వానతోనే పోవును. తన బావి అడుగంటుచున్నను పొరుగువాని కడవకు నీరు విడువగలవాడు ప్రహ్లాదుని కథను విన్నవాడు. వాన వచ్చునో రాదో అతడును ఎరుగడు. ఎరుగకయే చెఱువు పూడిక తీయుటకు నలుగురితో కూడ పారపట్టును. అతనికి దైవమిచ్చిన అభయము ఆ పనిలోనే కనిపించును.