చెట్టు ఏరుకునే పిందె

సంక్రాంతి దాటాక నూజివీడు వైపు మామిడి తోటల్లో ఆకు కన్నా పూతే ఎక్కువ కనిపిస్తుంది. ఒక్కో గుత్తిలో వందల పూలు, కొన్ని రకాల్లో వేలు కూడా. మార్చి వచ్చేసరికి అదే గుత్తికి ఒకటో రెండో పిందెలు వేలాడుతుంటాయి. చాలా గుత్తులకు అవీ ఉండవు. మామిడిలో మగ పూలూ ద్విలింగ పూలూ ఒకే గుత్తిలో కలిసి పూస్తాయి. మగ పువ్వు ఎలాగూ కాయ కాదు. కాయ కాగలిగిన ద్విలింగ పూలలోనూ కోత దాకా నిలిచేవి మామూలుగా నూటికి ఒకటి కన్నా తక్కువే.

తోట రైతుకు కంటి మీద కునుకు లేని కాలం ఇది. పిందె ఆవగింజంత ఉన్నప్పుడు కొంత రాలుతుంది, బఠాణీ గింజంత అయ్యాక మరికొంత, గోలీకాయంత అయ్యాక ఇంకొంత. తేనెమంచు పురుగు వల్లనో, బూడిద తెగులు వల్లనో, నీరు చాలకనో రాలిందని అతని అనుమానం. చాలాసార్లు ఆ అనుమానం నిజమే. అయితే పురుగూ తెగులూ లేకుండా, నీటికి కొరత లేకుండా గడిచిన ఏడాది కూడా పిందె రాలుతూనే ఉంటుంది. రాల్చే వాటిలో చెట్టు కూడా ఉంది మరి.

ప్రకృతి వరణం అనగానే బడిలో చదువుకున్న పాఠం గుర్తొస్తుంది: వేగంగా పరిగెత్తలేని జింక పులికి చిక్కుతుంది, పరిగెత్తగలిగింది పిల్లల్ని కంటుంది. చెట్లలో ఈ ఏరివేత విత్తనం మొలకెత్తాక మొదలయ్యేది కాదు, విత్తనం తయారవక ముందే మొదలవుతుంది. పువ్వు విచ్చిన గంట నుంచి పిందె గట్టిపడే దాకా గడిచే కొద్ది వారాల్లోనే తర్వాతి తరంలో ఎవరుండాలో చాలావరకు తేలిపోతుంది. పిందె రాలడాన్ని నష్టాల పద్దులో మాత్రమే రాసుకునేవాళ్లు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

మొదటి వడపోత పుప్పొడిది. కీలాగ్రం మీద పడిన రేణువు సన్నటి గొట్టంగా సాగి, కీలం లోపలి నుంచి కిందికి పెరిగి అండాన్ని చేరాలి. ఒకే కీలాగ్రం మీద పదుల రేణువులు పడ్డప్పుడు అది అక్షరాలా పరుగు పందెం. ఈ పందెంలో ఒక విశేషముంది. చెట్టు కణాల్లో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి. ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది. పుప్పొడిలో ఉండేది ఒక్క ప్రతే. లోపం ఉంటే దాచుకోవడానికి చోటు లేదు, దారిలోనే ఆగిపోతుంది. ఒక్క గింజ ఖర్చు కాకుండా చెట్టుకు ఆ లోపం వదిలిపోతుంది. పుప్పొడిలో పనిచేసే జన్యువులు ఏవో కొన్నే కదా అని సందేహం రావచ్చు. టమాటా మీద జరిగిన పరిశోధన ఒకటి 1981లో వెలువడింది. మొక్కలో పనిచేస్తున్నట్టు కనిపించిన ఎంజైమ్ జన్యువుల్లో ఇంచుమించు 60 శాతం పుప్పొడిలోనూ పనిచేస్తున్నాయని అందులో తేలింది.

అమెరికా వృక్ష శాస్త్రవేత్త డేవిడ్ మల్కాహీ 1979లో 'సైన్స్' పత్రికలో ఇంకాస్త ముందుకెళ్లారు. పూల మొక్కలు భూమినంతా ఆక్రమించడానికి ఈ పుప్పొడి పోటీ ఒక ముఖ్య కారణమని ఆయన వాదన. పురుగులు ఒకేసారి ఎన్నో రేణువులను తెచ్చి పడేస్తాయి, మూసి ఉన్న అండాశయం వాటన్నిటినీ కీలం గుండానే రమ్మంటుంది. పోటీ తప్పదు. మొత్తం పూల మొక్కల చరిత్రకు ఇదొక్కటే కారణమంటే ఒప్పుకోవడం కష్టం కానీ, వాదనలో బలముంది.

పోటీ జరిగేలా చూసుకునే చెట్టు మన పొలాల్లోనే ఉంది. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాగితం మిల్లుల కోసం పెంచే సుబాబుల్. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో కె.ఎన్. గణేశయ్య, ఆర్. ఉమాశంకర్, వాళ్ల సహచరులు 1980లలో ఈ చెట్టు పూలను పరిశీలించారు. కీలాగ్రం మీద నాలుగైదు రేణువులే పడితే అవి మొలకెత్తవు. కీలాగ్రమే వాటిని ఆపుతుంది. సుమారు ఇరవైకి పైగా చేరితేనే ఆ అడ్డు తొలగుతుంది. కాబట్టి సుబాబుల్ కాయ పడితే నిండా గింజలతో పడుతుంది, లేదంటే అసలు పడదు. రెండు మూడు గింజల కోసం ఒక కాయను పోషించే పని చెట్టు పెట్టుకోదు.

ఆ ఇద్దరే 1988లో సిస్సూ చెట్టు గురించి ప్రకటించిన పని ఇంతకన్నా ఆశ్చర్యం కలిగిస్తుంది. మన ఊళ్లలో రోడ్ల పక్కన నాటే సిస్సూకు పల్చటి, గాలికి ఎగిరే కాయలుంటాయి. పువ్వులో నాలుగైదు అండాలుంటే కాయలో ఎక్కువగా ఒకటే గింజ. మిగతా అండాలకు పుప్పొడి అందక కాదు, ఫలదీకరణ జరిగాకే అవి చనిపోతాయి. కీలాగ్రానికి దగ్గరగా ఉన్న అండం ముందు ఫలదీకరణ చెందుతుంది, ముందు పెరుగుతుంది. ఆ పెద్ద పిండం నుంచి నీటిలో కరిగే ఒక పదార్థం ఊరి తోబుట్టువులను చంపుతుందని వాళ్లు ప్రయోగాలతో చూపించారు.

ఇందులో లాభం ఎవరికి? ఒక్క గింజ ఉన్న కాయ తేలిగ్గా ఉండి గాలికి ఎక్కువ దూరం పోతుంది, కాబట్టి ఆ గింజకు లాభమే. తల్లి చెట్టు సంగతి వేరు. ఒక కాయకు పెట్టే పెట్టుబడికి రెండు మూడు గింజలొస్తే దానికి గిట్టుబాటు. తల్లి ప్రయోజనమూ బిడ్డ ప్రయోజనమూ ఒకటి కాకపోవచ్చని రాబర్ట్ ట్రివర్స్ 1974లో ప్రతిపాదించారు. జంతువులను మనసులో పెట్టుకుని చేసిన ఆ ఆలోచనకు వేలెడంత సిస్సూ కాయ సాక్ష్యం చెబుతోంది. నేరేడులోనూ అంతే. పువ్వులో పాతిక ముప్పై అండాలు, పండులో మామూలుగా ఒకటే గింజ. ఆషాఢంలో నేరేడు పండు తిని గింజ ఉమ్మేసే ప్రతి ఒక్కరి నాలుక మీదా ఆ గెలిచిన గింజే ఉంటుంది.

ఇక తల్లి స్వయంగా చేసే ఎంపిక. పుప్పొడి పందెం ముగిశాక, పిండాల పోరు ముగిశాక చెట్టు తన దగ్గరున్న పిండిపదార్థాన్ని ఎన్ని కాయలకు పంచగలదో చూసుకుంటుంది, మిగతా వాటిని వదిలేస్తుంది. వదిలేసేవి ఏవి? ఇజ్రాయెల్ పరిశోధకులు అవకాడో తోటల్లో లేత పిందెలనూ ముదిరిన కాయలనూ పరీక్షించి, వాటి తండ్రి ఏ రకమో గుర్తించారు. పిందెలు రాలుతున్న కొద్దీ చెట్టు మీద మిగిలిన వాటిలో వేరే రకం పుప్పొడితో పుట్టిన కాయల వాటా పెరిగింది. రాలడం గుడ్డిగా జరగడం లేదన్నమాట. ఉత్తరాదిన పేరున్న దశేరి, లంగ్డా, చౌసా మామిళ్లు తమ పుప్పొడితో తాము సరిగా కాయవు. అక్కడా పొరుగు రకం పుప్పొడి కావాలి.

అలాగని రాలిన ప్రతి పువ్వునూ చెట్టు తెలివి ఖాతాలో వేయడం పొరపాటు. ఉత్తరప్రదేశ్ మామిడి తోటల్లో 'ఝుమ్కా' అనే బాధ ఉంది. గుత్తి చివర చిన్న పిందెలు గుంపుగా పట్టి, గోలీకాయంత కూడా కాకుండానే రాలిపోతాయి. వాటిలో ఫలదీకరణే జరిగి ఉండదు. పూత మీద పురుగుమందులు విపరీతంగా కొట్టి ఈగల్నీ తేనెటీగల్నీ లేకుండా చేసుకోవడం అక్కడ ప్రధాన కారణం. శేషాచలం ఎర్రచందనం కథా ఇలాంటిదే. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ చెట్టు పూలకు వేరే చెట్టు పుప్పొడిని చేత్తో అద్ది చూశారు. అడవిలో తనంతట తాను పట్టే కాయ చాలా తక్కువ. చేత్తో అద్దినప్పుడు అంతకు ఎన్నో రెట్లు పట్టింది. అక్కడ చెట్టు ఏరుకోవడం లేదు, ఏరుకోవడానికి దానికి అందిందే తక్కువ. ఏరుకోవాలంటే ముందు ఎక్కువ మంది వరులు రావాలి. తేనెటీగ రాని తోటలో వరణం ఉండదు, ఉత్త రాలడమే ఉంటుంది.

రైతు చేతిలో ఉన్న పని ఇక్కడే. పిందె నిలవడానికి హార్మోన్ మందు పిచికారీ చేయడం మామూలైంది. మోతాదు మించకపోతే దానివల్ల కొంత మేలుంది. కానీ అది కాడ తెగడాన్ని వాయిదా వేయగలదే తప్ప లోపల పిండం చచ్చిన పిందెకు ప్రాణం పోయలేదు. అంతకన్నా పెద్ద పొరపాటు తోట వేసే రోజునే జరుగుతోంది. ఎకరాలకు ఎకరాలు ఒకే రకం అంట్లు నాటుతున్నారు. అంటు అంటే అదే చెట్టు. వంద బంగినపల్లి అంట్లు వంద చెట్లుగా కనిపించినా పుప్పొడి దృష్టిలో ఒకే చెట్టు. వెనకటి తోటల్లో గట్టు మీద ఒక నాటు మామిడి, మూల మీద ఒక రసం చెట్టు ఉండేవి. లాభం లేదని వాటిని కొట్టేశారు.

విత్తనాల సేకరణలోనూ ఇదే నిర్లక్ష్యం ఉంది. రోడ్డు పక్కన ఒంటరిగా, నిండుగా కాసిన చెట్టు కనపడగానే నర్సరీకి గింజలు ఏరుకొస్తారు. ఒంటరి చెట్టుకు దక్కేది ఎక్కువగా తన పుప్పొడే. స్వపరాగంతో, పరపరాగంతో పుట్టిన మొక్కలను 11 ఏళ్లు పక్కపక్కన పెంచి చూసిన డార్విన్ 1876లో పుస్తకం ప్రకటించారు. చాలా జాతుల్లో పరపరాగ సంతానమే ఎత్తూ బలమూ చూపింది. నూట యాభై ఏళ్లు కావస్తున్నా నర్సరీల్లో ఈ పాఠం అమల్లోకి రాకపోవడం బాధాకరం.

ఈ వానాకాలం మామిడి నాటేవాళ్లు పది అంట్లకు ఒకటైనా వేరే రకం కలపండి. అదే వేళకు పూసే రకమై ఉండాలి. పూత విచ్చి ఉన్న రోజుల్లో పురుగుమందు కొట్టకండి. నేరేడో వేపో నారు పోయాలనుకునేవాళ్లు ఒంటరి చెట్టు కింద కాకుండా, తన జాతి చెట్లు చుట్టూ ఉన్న చెట్టు కింద గింజలు ఏరుకోండి.